అన్నయ్య పేరు మీద ఇచ్చిన నెత్తురు

ప్రియమైన అన్నయ్యా,

హెపటైటిస్ సి పరీక్షల వ్యాను బుధవారం మీ వీధికి వస్తోంది. నేను వేరే వ్యానుతో ఊళ్ళు తిరుగుతున్నాను కాబట్టి నిన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్ళలేను. ఇరవై ఏళ్ళుగా గడ్డాలు గీస్తున్నావు, ఎన్నిసార్లు వేలు తెగిందో నీకే లెక్కలేదు. ఈ జబ్బు నెత్తురులోంచి నెత్తురులోకి పాకి, ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని తినేస్తుంది. సాకులు చెబితే ఊరుకోను.

– నీ చెల్లి

ప్రియమైన డాక్టరమ్మా (సూది పట్టినవాళ్ళంతా నాకు డాక్టర్లే),

వెళ్ళాను, ఇచ్చాను, వచ్చాను. నువ్వు చెప్పినట్టే మనిషికో బ్లేడు వాడుతున్నాను. కళ్ళముందే కొత్తది విప్పుతుంటే ఒక్కొక్కడూ పెళ్ళికొడుకులా కూర్చుంటున్నాడు. మీ ఆయన రోజూ సైకిల్ షాపు మూసి వచ్చి మా ఇంట్లోనే భోంచేస్తున్నాడు. బెంగపడకు.

– సింహంలాంటి నీ అన్న

నా బంగారు అన్నయ్యా,

నీ రిపోర్టు వచ్చింది. రెండో పరీక్షలోనూ వైరస్ ఉన్నట్టే తేలింది. ఊరందరికీ ధైర్యం చెప్పేదాన్ని, నీ పేరు చూసి వ్యాను వెనక కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు ముక్కు చీదుకుని రాస్తున్నాను, విను. పన్నెండు వారాలు మాత్రలు మింగితే దాదాపు అందరికీ పూర్తిగా నయమవుతుంది. కలిసి తింటే అంటదు, ముట్టుకుంటే అంటదు. బేరాలు పోతాయని దాచకు. మా ఆయన్ని తోడు తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

– నీ చెల్లి

ప్రియమైన చెల్లాయ్,

ముందు కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగు.

ఆ నెత్తురు నాది కాదు. రోజంతా కత్తి పట్టే నాకు సూదంటే చచ్చేంత భయం. నా పేరు పిలవగానే మీ ఆయన్ని ముందుకు తోశాను. "పోనీలే బావా, చెంచాడు నెత్తురేగా!" అని నవ్వుతూ చొక్కా చెయ్యి మడిచాడు. మాత్రలు నా పేరున తెచ్చి, బలం మందులని చెప్పి ఆయన చేత మింగిద్దామని రెండు రోజులు ఆలోచించాను. అంత వెధవపని నా వల్ల కాలేదు. ఆయనకు అంతా చెప్పేశాను. నన్ను పల్లెత్తు మాట అనలేదు. నువ్వైనా తిట్టమ్మా.

– పిరికి అన్న

ప్రియమైన పిరికి అన్నయ్యా,

నీ పీక పిసకాలనిపించింది. రేపటి బస్సుకి వస్తున్నాను. ముందు ఆయన పేరు మీద చీటీ రాయించి మందులు మొదలుపెట్టిస్తాను.

మూడు వేలమందికి సూది గుచ్చాను. గడపగడపకీ వెళ్ళి, "మీ ఇంట్లో అందరూ చేయించుకున్నారా?" అని గద్దించాను. మా ఇంటి మనిషిని మాత్రం ఒక్కసారీ అడగలేదు. జలుబైనా చెయ్యని మనిషి, ఆయనకేంటనుకున్నాను. దీపం కింద చీకటంటే ఇదే. నీకు ధైర్యం ఉండుంటే, కాలేయం పాడయ్యాక గానీ ఆయన సంగతి తెలిసేది కాదు. ఈ ఒక్కసారికి నీ పిరికితనానికి దణ్ణం పెడుతున్నాను.

సంచిలో రెండు సూదులు తెస్తున్నాను. ఒకటి నీకు, పారిపోకు. రెండోది నాకు. నేనూ ఇంతవరకు చేయించుకోలేదు.

– నీ చెల్లి