సీరియల్ అత్తను నిలదీసిన అమ్మ

నమిత వదినకు,

మా ఫోన్లు ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చించేయకుండా చదువు.

నువ్వు పుట్టింటికి వెళ్లాక అమ్మకు కాస్త మార్పుగా ఉంటుందని, హైదరాబాదులో సీరియళ్ల షూటింగులు జరిగే ఇళ్లు చూపించడానికి తీసుకెళ్లాను. మీరిద్దరూ కలిసి చూసే సీరియల్లోని అత్త అక్కడ ఆ సీరియల్ కోడలి పక్కనే కూర్చుని అన్నం తింటోంది. అమ్మ నేరుగా ఆమె దగ్గరికి పోయింది.

"ఏమమ్మా, ఆ బిడ్డను అంతగా ఏడిపిస్తావే, నీకు మనసెట్ల వస్తాది?"

ఆమె నవ్వింది. "అదంతా కెమెరా ముందేనమ్మా. మా ఇద్దరిదీ ఒకే అన్నం క్యారియరు. మీ కోడలిని తీసుకురాలేదా?"

అమ్మ వెంటనే ఇంటికి పోదాం పదమంది.

సూళగిరిలో ఇల్లు చేరినప్పటి నుంచి అమ్మకు కాలు నిలవడం లేదు. టీవీ పెడుతుంది, వెంటనే ఆపేస్తుంది. గుమ్మంలోకి పోయి మీ ఊరు కావేరిపట్టణం వైపు వెళ్లే బస్సులు చూస్తుంది. నిన్న కూర తరుగుతూ ఆగి, "నేను ఆడికి పోతే తలుపు తీస్తాదా?" అని అడిగింది. అన్నను పంపుదామన్నాను.

"వాడెందుకు? మాట జారింది నేను. నేనే పోవల్ల."

అమ్మ ఆదివారం మీ ఇంటికి వస్తోంది. తప్పయిందని చెప్పడం ఆమెకు చేతకాదు. ఎండ గురించో బస్సు గురించో మాట్లాడుతుంది. తిరిగి రమ్మని నేను అడగను వదినా. తలుపు మాత్రం తీయి.

నీ ఆడబిడ్డ