చాక్ గుర్తు

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా, నా పరీక్ష భయం ఒక్కటి తప్ప. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. తగ్గింది కదా అని మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుంటే మాత్రం ఊరుకోను. కళ్ళజోడు మార్చావా అని అడిగావు. మార్చాను. అద్దాలు కొత్తవే, అయోమయం పాతదే.

పరీక్ష ఎలాంటిదో అర్థం కాలేదన్నావు. నాకు మాత్రం అయిందా! చిన్న చిన్న బొమ్మలు వరసగా ఇస్తారు. ఒక త్రిభుజం తిరుగుతూ పోతుంది, లోపల చుక్కలు పెరుగుతాయి, తర్వాత వచ్చే బొమ్మ ఏదో చెప్పాలి. నలభై ప్రశ్నలు, ముప్ఫై నిమిషాలు. మా ఫ్యాక్టరీకి గుడ్డ తనంతట తనే కత్తిరించే మిషను వచ్చింది. నెగ్గినవాళ్ళకి ఆ మిషను, మిగిలినవాళ్ళకి చొక్కాలు మడతపెట్టే బల్ల. పంతొమ్మిదేళ్ళు కత్తెర పట్టిన చేత్తో మడతలు పెట్టుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదమ్మా.

మీ అల్లుడు రోజూ పొద్దున్నే గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చుంటున్నారు. "ఇంకా రెండు నిమిషాలే" అన్నారంటే చాలు, తెలిసినవి కూడా మరిచిపోతాను. మొన్న నా తప్పులన్నీ ముందేసుకుని చూసి, అసలు సంగతి ఆయనే పట్టుకున్నారు. పక్కకి తిప్పిన బొమ్మనీ, బోర్లా తిరగేసిన బొమ్మనీ నేను ఒకటే అంటున్నానట.

"ఇది అద్దంలో కనపడే బొమ్మ. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు.

"ఎందుకు కావు? చొక్కాకి ఒకటి కుడి చెయ్యి, ఇంకోటి ఎడమ చెయ్యి. గుడ్డ మడిచి ఒక్క కత్తిరింపులో తీసేస్తాం కదా!"

"అయితే ఆ ఎడమ చేతిని తీసుకెళ్ళి కుడిపక్క కుట్టు, చూద్దాం."

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, కత్తిరించిన ముక్కకి లోపలివైపు చాక్‌తో గుర్తు పెట్టకపోతే వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చేదానివి. ఇప్పుడు ప్రతి బొమ్మకీ మనసులోనే వెనకవైపు గుర్తు పెడుతున్నాను. ఎంత తిప్పినా గుర్తు కనపడకపోతే అదే బొమ్మ. గుర్తు పైకొచ్చిందంటే తిరగేసినట్టే. నిన్న నలభైకి ముప్ఫై ఒకటి వచ్చాయి. ఇరవై ఎనిమిది వస్తే చాలు. అయినా భయం పోలేదు.

ఎందుకు పోలేదో చెప్పకుండా ఉత్తరం ముగించలేకపోతున్నాను. పోయిన నెల పరీక్ష వాయిదా పడిందని రాశాను కదా. వాయిదా పడలేదమ్మా. రాశాను, తప్పాను. పదిహేడే వచ్చాయి. గోడకి అంటించిన జాబితాలో నా పేరు కనపడకపోతే, కళ్ళజోడు తప్పేమోనని మళ్ళీ మొదటినుంచి చదివాను. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరి పేర్లున్నాయి. "మా అమ్మాయి కత్తెర పడితే గీత తప్పదు" అని నువ్వు కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటావు. నీ మాట పోతుందని సిగ్గుపడి అబద్ధం రాశాను. నువ్వేమో "పోనీలే, చదువుకోవడానికి ఇంకాస్త టైము దొరికింది" అని జవాబు రాశావు. అది చదివి ఏడ్చాను.

తప్పినవాళ్ళకి ఇంకొక్కసారి రాయనిస్తున్నారు. గురువారం పదింటికి. ఇదే ఆఖరు. ఏమైందో శుక్రవారం రాస్తాను. మళ్ళీ వాయిదా పడిందని రాస్తే మాత్రం నమ్మకు.

ఇట్లు,
స్కేలు దెబ్బలు మరిచిపోని
నీ పెద్దమ్మాయి