ఖాళీ కాని ఇసుక

ఫిబ్రవరి 3, సోమవారం
డ్రోన్ ఫొటోలు కలపడం మొదలుపెట్టాను. సముద్రం ఒడ్డు పొడుగునా తీసినవన్నీ అతికితే ఒక్క పటం. పని ఎంతయిందో చూపే పచ్చగీత పొద్దున్నించీ కంప్యూటర్‌లో గోరంత జరిగింది.

ఆఫీసులో మిగతావాళ్లకి ఇదొక పని. నాకు పిన్ని బతుకు. పరవాడ అవతల, పేటలో పిన్నీ వాళ్లూ చేపలు ఎండబెట్టుకునే ఇసుక పాత కాగితాల్లో ‘ఖాళీ స్థలం’. వచ్చే వారం బుధవారం ఊళ్లో సభ. పటంలో చేపలూ వలలూ కనబడితే ‘వాడుకలో ఉంది’ అని రాస్తారు. లేకపోతే గోడౌన్లకి ఇచ్చేస్తారు.

ఫిబ్రవరి 4
ఇంకా అవుతోంది. పక్క సీటు రాజు — “అగరొత్తులు ఎలిగించు సునీతా, కదుల్తదేమో.”
“ప్రార్థన సేత్తన్నాను. నువ్వు నోరు మూసుకో.”

ఫిబ్రవరి 5
అయింది. తెరిచాను.
ఇసుక. ఒట్టి ఇసుక. చేప లేదు, వల లేదు. దగ్గరికి తెచ్చి చూస్తే చీపురు గీతలు.

పిన్నికి ఫోన్. “పైనుంచి ఫొటో తీత్తారంటే సెత్తగా ఉంటే బాగుంటదేటి? అందరం కలిసి తుడిసీసినాం. సేపలు లోపలెట్టీసినాం.”
“ఎవులు సెప్పినారు పిన్నీ?”
“ఎవులో సెప్పాలేటి? పెద్దోళ్లొత్తన్నారంటే ఇల్లు తుడుసుకోమా?”

ఏడుపొచ్చింది. నవ్వు కూడా. ముగ్గొక్కటే తక్కువ.

ఫిబ్రవరి 6
సార్ ఆ పటం అప్పుడే అధికారికి పంపేశారట. బతిమాలాను. సోమవారం మళ్లీ డ్రోన్ పంపుతానన్నారు. “కలపడానికే మూడ్రోజులు పడితే బుధవారం ఏం చూపిస్తావమ్మా?”
చూపిస్తాను సార్, అన్నాను. నోటికి అడ్డేముంది… ఎలాగో నాకే తెలియదు.

ఫిబ్రవరి 7
రాజు టీ గ్లాసుతో నా వెనక నిలబడి — “నీకు పేటొక్కటే కదా కావాల. ఒడ్డంతా ఎందుకు కలుపుతన్నావ్?”
నిజమే. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తే చాలని ఇంట్లో తెలుసు, ఆఫీసులో తెలియదు.

ముందు పాతవాటితో చూద్దామని బయటి డిస్కులో ఉన్న ఫొటోలు కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నాను. పేట మీద తీసినవి మాత్రం ఉంచి మిగతావి పక్కన పెట్టాను. మొదలుపెట్టి భోజనానికి వెళ్లొచ్చేసరికి అయిపోయి ఉంది. రాజుకి బజ్జీలు కొనిపెట్టాను. సంతోషంగా ఉంది, ఎందుకు దాచాలి.

ఫిబ్రవరి 8
దువ్వాడలో బస్సెక్కి పిన్ని దగ్గరికి. ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను — సోమవారం ఏదీ తుడవద్దు, ఏదీ తియ్యొద్దు. రోజూ ఎలా ఉంటే అలా.
పిన్ని — “సీరైనా మార్సుకోవచ్చేటి?”
చీర మార్చుకోవచ్చన్నాను.

ఫిబ్రవరి 10
డ్రోన్ ఎగిరింది. గాలి లేదు. దేవుడున్నాడు.

ఫిబ్రవరి 11
మధ్యాహ్నానికే పటం వచ్చేసింది. ఇసుక నిండా చేపలు, వలలు. పసుపు చీరలో పిన్ని — ఇద్దరు. రెండు ఫొటోలు అతికిన చోట ఒక పిన్ని వంగి చేపలు తిరగేస్తోంది, పక్కనే ఇంకో పిన్ని తలెత్తి డ్రోన్‌ని చూస్తోంది.
“ఒకల్ని తీసీయ్,” అన్నాడు రాజు. “తప్పు కదేటి.”
తప్పే. అతుకు కాస్త జరిపాను. పని చేస్తున్న పిన్ని మిగిలింది. రెండోదాన్ని నా ఫోన్లో దాచుకున్నాను.

ఫిబ్రవరి 12
సభ. గోడమీద పటం. అధికారి రెండు పటాలూ పక్కపక్కన పెట్టించారు. “పోయిన వారం ఖాళీగా ఉందే?”
పిన్ని లేచింది. “అది మీకోసం తుడిసిన రోజు బాబూ. ఇది మామూలు రోజు.”

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. చేతిలో ఉన్న పాత కాగితంలో ‘ఖాళీ స్థలం’ అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టారు. “శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. తర్వాతే రాస్తాను.”

బయటికొచ్చాక పిన్ని నా చెయ్యి పట్టుకుంది, కళ్లు మెరుస్తున్నాయి. “సూత్తే ఆరికే తెలుత్తది. ఆయన నిల్సునేకాడ కూసింత తుడవాల కదే…”

శుక్రవారానికి సెలవు పెట్టాను. తెల్లారేసరికి పేటలో ఉండాలి — చీపుర్లు దాచడానికి.