వీపు నావైపు పెట్టి నిలబడు

అక్కకు,

ముందుగా, ఈ కవరు విప్పి చదివే సరిహద్దు ఉద్యోగికి నమస్కారం. బాబూ, ఇందులో రహస్యమేమీ లేదు. ఇద్దరు ముసలివాళ్ళ పరుగు సంగతే.

అక్కా, ఇరుగుపొరుగు దేశాల క్రీడలు మళ్ళీ మొదలుపెడుతున్నారుగా. మొట్టమొదటి క్రీడల్లో మనిద్దరం ఒకే దేశం జెర్సీతో రిలే గెలిచాం చూడు, ఆనాటి కర్ర బ్యాటన్‌నే సరిహద్దు గేటు దగ్గర నేను నీకు అందించాలట. దేశం రెండుగా చీలి, నువ్వు బావతో అటు ఉండిపోయాక ఆటలూ ఆగాయి, మన మాటలూ ఆగాయి. ఇన్నాళ్ళకు గుర్తొచ్చాం వీళ్ళకు!

నిన్న క్రీడాశాఖ అధికారి మా వరండాలో సుద్దముక్కతో సరిహద్దు గీత గీసి, నాచేత రిహార్సల్ చేయించాడు. "గీత దాటకూడదు, కౌగిలించుకోకూడదు, మాట్లాడకూడదండీ" అన్నాడు. "ఏడవచ్చా నాయనా?" అని అడిగితే చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పి, "కనుక్కుని చెబుతానండీ" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, మనం ఏ కాస్త తప్పినా అక్కడి సైన్యంలో ఉన్నాడని విన్న మీ అబ్బాయికి ముప్పు.

అందుకే చెబుతున్నాను, నాకు ఎదురుగా నిలబడకు. మొహాలు చూసుకున్నామంటే ఇద్దరం ఆ గీత మీదే కూలబడతాం. ఆనాటిలా వీపు నావైపు పెట్టి, చెయ్యి వెనక్కి చాపు. నేను వెనకనుంచి "అక్కా!" అని కేకేస్తాను. రిలేలో ఆ కేక ఆటలో భాగం, మాట్లాడటం కిందికి రాదు. ఆ మాటే అంటే అధికారి కాదనలేకపోయాడు.

ఆనాడు బ్యాటన్ అందుకోగానే రివ్వున పరుగెత్తావు. ఈసారి మెల్లగా వెళ్ళు. కనిపించినంతసేపు చూస్తాను.

నీ చెల్లి