మగ్దలీనమ్మ బొటనవేలు

1946 ఆగస్టు 4, ఆదివారం

సంఘం మీటింగ్ మూడింటికని పెట్టాను. మూడున్నరకు ఇద్దరు, నాలుగింటికి ఏడుగురు వచ్చారు. పట్టాళంలో విజిల్ మోగితే నిక్కర్లు ఎగలాక్కుంటూ పరుగెత్తిన వాళ్ళే వీళ్ళంతా. డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన రోజే గడియారం చూడటం మానేశారు. తిట్టాను. పొదిలి బస్సు నడిపే పుల్లయ్య, ఏంది అవల్దారు మామా, యుద్ధం అయిపోయినా మమ్మల్ని వదలవా అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది.

సోల్జర్స్ బోర్డు సర్క్యులర్ చదివి వినిపించాను. దెబ్బ తగిలి వచ్చినవాడికి డిసెబిలిటీ పెన్షన్. పిల్లలకు స్కూలు ఫీజు మాఫీ. బంజరు భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్వీసులో చనిపోతే భార్యకు పెన్షన్, పెళ్ళి కాకపోతే తల్లికి. అక్కడ ఏబేలు లేచి నిలబడ్డాడు. మా పాలెంలో విశ్వాసం వాళ్ళమ్మ ఉంది గదన్నా, ఆమెకు ఈ సంగతి ఎవురూ చెప్పలేదే అన్నాడు.

విశ్వాసం పయనీర్ కోర్‌లో చేరి, బర్మా దారిలో రోడ్డు వేస్తూ జ్వరంతో పోయాడు. రెండేళ్ళయింది. ఈ సంఘానికి సెక్రటరీని నేనే. చాలా సిగ్గేసింది.

ఆగస్టు 6, మంగళవారం

ఏబేలును వెంటబెట్టుకుని మిషన్ పాలెం వెళ్ళాను. మగ్దలీనమ్మ ఇంటి ముందు రాతి పలకలు రుద్దుతోంది. ఇసుక, నీళ్ళు, మళ్ళీ ఇసుక. బడిపిల్లలు రాసుకునే పలకలు అంత నున్నగా ఎలా వస్తాయో ఈ ఊళ్ళో పుట్టి కూడా నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంది. మాట మాత్రం గట్టిది. రాతిపొడితో దగ్గు పట్టుకుంది. ఆ పని మానకపోతే ఊపిరికే చేటని మిషన్ డాక్టరమ్మ చెప్పిందట. డాక్టరమ్మ కూడు పెడతదా అయ్యా అని నన్నడిగింది. అందుకే ఈ పెన్షన్ ఆమెకు కావాలి.

ఫారం నింపాను. ఎత్తు, రంగు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర. నా కొడుకు ఇచ్చేది ఈ కాగితంలో నుంచి వస్తదా అంది. వస్తుందన్నాను. నేను నింపిన ఫారం ఇంతవరకూ ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆగస్టు 17, శనివారం

తిరిగి వచ్చింది.

ముద్రలో గీతలు లేవట. మళ్ళీ వేయించి సెప్టెంబరు 30 లోపల అందజేయాలట, లేకపోతే క్లెయిమ్ మూసేస్తారట. ఎర్రసిరాతో రాశారు. నా ఫైలు మీద ఎర్రసిరా!

సాయంత్రం

పాలెం వెళ్ళి మళ్ళీ వేయించాను. సిరా ఎక్కువైందేమోనని తగ్గించాను. వేలు కడిగించాను, తుడిపించాను. పదకొండుసార్లు వేయించినా ప్రతిసారీ గుండ్రటి నల్లమచ్చే, చింతగింజ అద్దినట్టు. ఒత్తకుండా వెయ్యమంటే ఎందుకు ఒత్తుతావని కోప్పడ్డాను. ఆమె చెయ్యి తిప్పి చూపించింది. బొటనవేలు, చూపుడువేలు, మిగతావీ అన్నీ నున్నగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పలకల్ని రుద్దింది ఆమె అనుకున్నాను. పలకలూ ఆమెను రుద్దాయి.

మా పాలెంలో పలకలు రుద్దే ఆడోళ్ళ చేతులన్నీ ఇంతే అన్నా అన్నాడు ఏబేలు. నాకేం తెలుసు. కోప్పడినందుకు క్షమించమని అడగాలనిపించింది.

ఆగస్టు 18, ఆదివారం

అర్జెంట్ మీటింగ్. అందరూ టైముకే వచ్చారు.

సంతకం నేర్పిద్దామన్నాడు పుల్లయ్య. సంతకం వచ్చినా ఈ ఫారానికి ముద్ర తప్పదని రూలు చూపించాను. వేరే ఎవరి వేలైనా వేయిద్దామని వెనక నుంచి ఒకడు గొణిగాడు. వాణ్ణి బయట నిలబెట్టాను. మిషన్ ఆసుపత్రి కాంపౌండరును అడిగొచ్చానన్నాడు ఏబేలు. నెల, నెలన్నర ఏమీ రుద్దకుండా ఉంటే చర్మం మళ్ళీ గీతలతో వస్తుందట. దేవుడు ఇచ్చిన గీతలు లోపలే ఉంటాయట.

మరి నెలన్నర ఆమె ఏం తినాలి? తిండి ఎలాగో చూడొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. వారానికి ఇన్ని పలకలని లెక్క ప్రకారం అప్పజెప్పకపోతే షావుకారు ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పెన్షన్ రాకపోతే రెండూ పోతాయి, రెంటికి చెడ్డ రేవడి అవుతుంది. అప్పుడు పుల్లయ్య, వంతులు వేసుకుని మనమే రుద్దుదాం, రోడ్లు వేసినోళ్ళం పలకలు రుద్దలేమా అన్నాడు.

డ్యూటీ రోస్టర్ వేశాను. సోమ, గురు పుల్లయ్య. మంగళ, శుక్ర ఏబేలు. బుధ, శని నేను.

ఆగస్టు 21, బుధవారం

నా మొదటి డ్యూటీ. నాలుగు పలకలు రుద్దాను, రెండు పగిలాయి. మగ్దలీనమ్మ మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది. నీళ్ళు తక్కువయ్యా అంది. అట్ల గాదు, గుండ్రంగా తిప్పాల అంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏ సుబేదారూ నాలో ఇన్ని తప్పులు పట్టలేదు.

ఇంటికొస్తే శ్రీశైలమ్మ గుమ్మంలోనే ఆపింది. కాపుదనం వదిలి పాలెంలో కూర్చుని రాళ్ళు రుద్దే మొగుడవుతావని తెలిస్తే మా నాయన నన్నిచ్చేవాడా అంది. స్నానం చేసే లోపలికి రమ్మంది. చేశాను. పట్టాళంలో అందరితో కలిసి తిన్నవాణ్ణి, నా ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఇంకా పిరికివాణ్ణే. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

ఆగస్టు 29, గురువారం

బొగ్గుతో నడిచే పుల్లయ్య బస్సు దారిలో ఆగిపోయింది. డ్యూటీకి రాలేదు. వాడి వంతు నేనే చేశాను. ఈరోజు ఒక్క పలకా పగలలేదు. ఎవరికైనా చెప్పాలనిపించి శ్రీశైలమ్మకు చెప్పాను. పెద్ద ఘనకార్యమేలే అంది, కానీ రెండో ముద్దకు కూడా నెయ్యి వేసింది.

సెప్టెంబరు 4, బుధవారం

పదిహేను రోజులు దాటాయి. ముద్ర వేయించి చూశాను. చింతగింజే.

నువ్వు దొంగతనంగా పలకలు రుద్దుతున్నావా అని అడిగాను. బైబిలు మీద ఒట్టయ్యా, ఒక్క పలక ముట్టలేదు అంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇంకా ఇరవయ్యారు రోజులే ఉన్నాయి. కాంపౌండరు మాట నమ్మి అందరినీ రాళ్ళు రుద్దించానా అని భయం పట్టుకుంది.

సెప్టెంబరు 6, శుక్రవారం

తెల్లవారే ఏబేలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంగతి తెలిసింది.

విశ్వాసం పోయాక పట్టాళం వాళ్ళు వాడి సామాను ఒక మూటగా పంపారు. అందులో వాడు అన్నం తిన్న మెస్ టిన్ ఉంది. ఆ డబ్బాను ఆమె రోజూ తెల్లవారుజామున ఇసుక పెట్టి తోముతుందట. రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా మానలేదట. పలకలు ముట్టొద్దని చెప్పామే గాని దాని మాట మాకెవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు. అది పని గాదు గదరా అన్నదట ఏబేలుతో.

వెళ్ళాను. డబ్బా వెండిలా మెరుస్తోంది. ఇది మానకపోతే ముద్ర రాదు, ముద్ర రాకపోతే పెన్షన్ రాదు అని చెప్పాను. అయితే వద్దులేయ్యా అంది, ఎంతో మామూలుగా. నల్లబడితే వాడు నన్ను ఏమనుకుంటడు, వాడు చాలా శుభ్రం మనిషి అంది. నా దగ్గర ఈ మాటకు రూలు లేదు.

మాట్లాడింది ఏబేలు. అత్తా, నేనూ విశ్వాసమూ ఒకటే గుడారంలో పడుకున్నోళ్ళం, ఇన్‌స్పెక్షన్ రోజు వాని డబ్బా నేను తోమేవాణ్ణి, నాది వాడు తోమేవాడు, ఈ నెల కూడా నేనే తోముతా అన్నాడు. ఆమె డబ్బా ఇచ్చింది. మూత పక్క గూడా చూడు అని చెప్పింది.

దారిలో ఏబేలును అడిగాను, నువ్వు వేరే కంపెనీలో కదరా అని. అవునన్నా అన్నాడు.

సెప్టెంబరు 11, బుధవారం

శ్రీశైలమ్మ సద్దిమూటతో పాలెం వచ్చింది. ఏమీ చెప్పకుండా వచ్చింది. మగ్దలీనమ్మ కంగారుపడి మంచం దిగబోతే కూసో వదినా అంది. ఆ మూటలో గోంగూర పచ్చడి, మజ్జిగ మిరపకాయలు ఉన్నాయి. నేను పలక రుద్దే తీరు కాసేపు చూసి, జరుగు అని నన్ను పక్కకు నెట్టి తనే కూర్చుంది. అప్పడాల పిండి నలిపే చేయి. మొదటి పలకే అద్దంలా వచ్చింది. ఇద్దరాడవాళ్ళూ కలిసి నా పలకలన్నీ వరసబెట్టి చూసి నవ్వుకున్నారు.

ఇంటికొచ్చాక గుమ్మంలో స్నానం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చాలా సంతోషంగా ఉంది.

సెప్టెంబరు 19, గురువారం

అంచున రెండు గీతలు. లెన్సు పెట్టి చూశాను. ఉన్నాయి.

సెప్టెంబరు 26, గురువారం

వచ్చింది! బొటనవేలు మొత్తం వచ్చింది. మధ్యలో సుడి, చుట్టూ గీతలు, కింద చిన్న మచ్చ. ఏ కలెక్టరు వేలికీ ఇంతకంటే మంచి ముద్ర ఉండదు. పుల్లయ్య బస్సు పాలెం దగ్గర ఆపి, ప్యాసింజర్లను కూర్చోబెట్టి దిగి వచ్చాడు. వాళ్ళలో సగం మంది కూడా దిగి వచ్చారు. కాగితం చేతులు మారింది. ముట్టొద్దు, ముట్టొద్దు అని అరుస్తూనే ఉన్నాను.

మగ్దలీనమ్మ తన ముద్ర తానే చాలాసేపు చూసుకుంది. నాకు గూడా ఉండాయే అంది.

ఇన్సూర్ చేసి పోస్టులో వేశాను. రసీదు ఫైల్లో పెట్టాను. తర్వాత నా వేలు అద్ది చూసుకున్నాను. సగం చెరిగిపోయింది.

అక్టోబరు 13, ఆదివారం

మీటింగ్. పదిమంది వచ్చారు. బంజరు దరఖాస్తులు మూడు రాశాను. పాలెం నుంచి ఇంకో ముసలామె వచ్చింది, వేళ్ళు చూపిస్తూ. ఆమె కొడుకు బతికే ఉన్నాడు, బొంబాయిలో ఉన్నాడు, పెన్షన్ రాదు. అయినా వచ్చినందుకు టీ ఇచ్చాం.

నవంబరు 10, ఆదివారం

శాంక్షన్ ఆర్డరు వచ్చింది. బతికున్నంత కాలం వస్తుంది. డబ్బు తీసుకునే ప్రతిసారీ ముద్ర వేయాలి కాబట్టి ఇక పలకలు ముట్టడానికి వీల్లేదని సెక్రటరీ హోదాలో ఆర్డరు వేశాను. డాక్టరు మాట విననిది నా మాట వింది. పలకల పని పక్కింటి దానమ్మకు ఇచ్చేసింది.

ఆర్డరుతో పాటు ఒక పాత కాగితం కూడా పంపారు. పట్టాళంలో చేరినప్పటి విశ్వాసం ఎన్‌రోల్‌మెంట్ ఫారం. అందులో ఉన్న తల్లి పేరు సరిచూసి వెంటనే తిరిగి పంపాలట. నేనూ పుల్లయ్యా పాలెం తీసుకెళ్ళి, ఆమెను అడిగి సరిచూశాం. పేరు సరిగ్గానే ఉంది. ఈ నల్లది ఏందయ్యా అని ఆమె అడిగింది. నీ కొడుకు వేలిముద్ర అని చెప్పాను.

వాడికి ఫోటో ఒక్కటి కూడా లేదు. సమాధి ఎక్కడుందో తెలియదు. వాడు చేత్తో తాకిన గుర్తు ఇంకెక్కడా మిగల్లేదు.

ఆమె తన కొత్త బొటనవేలు ఆ ముద్ర మీద ఆనించింది. అలాగే ఉంచింది. పుల్లయ్య బయటికి వెళ్ళిపోయాడు. నేను ఫైలు సర్దుతూ కూర్చున్నాను, సర్దడానికి ఏమీ లేకపోయినా. చివరికి, ఇది నాకిస్తరా అయ్యా అంది. ఇది సర్కారు కాగితం, రిజిస్టర్ పోస్టులో తిరిగి పంపాలని చెప్పాను. అట్లనా అంది. వేలు తీసింది.

డిసెంబరు 8, ఆదివారం

విశ్వాసం ఫారం ఇంకా అందలేదని ఆఫీసు నుంచి రెండో రిమైండరు. ఎంత వెతికినా కనబడలేదని జవాబు రాసి, కింద పూర్తి సంతకం పెట్టాను. మగ్దలీనమ్మ ఇంట్లో గోడకు కొత్తగా ఒక అద్దం పటం వేలాడుతోందట. శ్రీశైలమ్మ చూసివచ్చింది. అందులో ఏముందని నేను అడగలేదు.