ఎడమ తలుపు

ఏమండీ,

రేపు ఆఫీసుకు వెళ్తూ ల్యాండ్‌మాస్టరు కారును భవానీపూర్ గ్యారేజీలో వదిలేయండి. ఎడమ తలుపు పట్టేసింది. సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లే ఎక్కడో గుద్ది, సొట్ట తీసి, పైన రంగు పూసేశారు. బాగుచేసి ఇచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఆదివారం మీరు నిద్రపోతుంటే, కాసేపు కార్లో కూర్చుందామని వెళ్లి ఆ తలుపు లాగాను, రాలేదు. అప్పుడు తెలిసింది.

నిన్న నేనే వెళ్లి అడిగాను. గ్యారేజీ ఆయన నన్ను వదిననీ, మిమ్మల్ని అన్ననీ వరస కలిపి, "బౌదీ, దాదా బండి తీసుకెళ్లి ఇరవై రోజులైంది. రోజూ నడుపుతున్నారు. తలుపు పట్టేస్తే ఈపాటికి చెప్పరా?" అన్నాడు. ఆ వైపు కూర్చునేది నేనేననీ, ఈ ఇరవై రోజుల్లో ఒక్కసారీ ఎక్కలేదనీ ఆయనకెలా చెప్పను? ఇంటికి వచ్చేశాను.

వంకాయ కూర, చారు మూతపెట్టాను. వేడి చేసుకోండి. నేను ట్రాములో అరుంధతి పిన్ని వాళ్లింటికి వెళ్తున్నాను. రాత్రికి అక్కడే ఉంటాను.

శేషారత్నం

కారు తెచ్చుకునే రోజు నన్నూ తీసుకెళ్లండి. తలుపు బాగైందో లేదో ఎవరో ఒకరు ఎక్కి కూర్చుంటేనే కదా తెలిసేది.