పుస్తకంలో చివరి విన్నపం

బాపట్ల, ఆదివారం రాత్రి

తప్పు పోలీసుల మీదికి నెట్టేద్దామని మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను. కుదరడం లేదు.

ఆరాధన అయ్యాక కానిస్టేబుల్ వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. "తీరంలో నిఘా పెంచారు మాస్టారూ. కొత్తగా వచ్చినవాళ్ల పేరు, ఊరు ఇస్తే చాలండి" అన్నాడు. సముద్రం ఇంత దగ్గర. రేపు ఏదైనా జరిగితే పోలీసులు ఏం చేస్తున్నారని అడిగేది మనమే కదా! చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు పేరు, ఊరు, ప్రార్థన విన్నపం రాసే పుస్తకం సెక్రటరీగా నా దగ్గరే ఉంటుంది. తెచ్చి తెరిచాను.

"పేర్లు రాసుకుంటానండి."

"రాసుకోవడం ఎందుకురా, పేజీ మొత్తం ఫోటో తీసుకో. మన దగ్గర దాచేదేముంది?" అన్నాను.

తీసి, స్టేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. వాడు వెళ్లాకే చివరి వరుస చదివాను. రేపల్లె నుంచి బిడ్డతో వచ్చి ఇక్కడ తలదాచుకుంటున్న అమ్మాయి రాసింది: "నేనిక్కడున్నట్టు నా భర్తకు తెలియకూడదని ప్రార్థించండి."

వెంటనే ఫోన్ చేశాను. "తీసేశానండి. కానీ అప్పటికే కొందరు చూశారు మాస్టారూ" అన్నాడు.

ఆ కొందరిలో రేపల్లెవాళ్లు ఉన్నారేమో. ఆ అమ్మాయికి చెప్పాలా? చెబితే మళ్లీ ఎక్కడికి పోతుంది?

పొద్దున ఆరాధనలో పాస్టరుగారు ఆమె పేరు చెప్పకుండానే ప్రార్థించారు, "ఒక సహోదరిని నీ రెక్కల చాటున దాచు ప్రభువా" అని.

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.